క్లోమరసం లేని పిల్లలు: పథ్యం మారిన చరిత్ర

లంఖణం పరమౌషధం అన్నది మన ఇండ్లలో తరతరాలుగా వినిపించే మాట. కడుపు చెడితే ఒక పూట పస్తుంటాము. మరునాడు చారన్నమో, మజ్జిగన్నమో తింటాము. నేతివంటలు, వేపుళ్లు, ఆవకాయ నాలుగు రోజులు దూరంగా ఉంచుతాము. అరగని వస్తువును తినకుండా ఉండటం, అరిగేదానినే మితంగా తినటం - ఇదే పథ్యం. నాలుగు రోజుల అజీర్తికి ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

కాని పుట్టుకతోనే అరిగించుకొనే శక్తి లోపించిన పిల్లవాని సంగతి ఏమిటి? అతని అజీర్తి నాలుగు రోజులతో పోయేది కాదు, జీవితాంతం ఉండేది. అరగని వస్తువులనన్నింటినీ కంచంలోనుండి ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోతే అతడు పెరిగేది ఎట్లా? ముఖ్యంగా పన్నెండు, పదమూడేండ్లు వచ్చి, ఎముక సాగి కండపట్టవలసిన వయసులో అతని శరీరానికి కావలసిన శక్తి ఎక్కడినుండి వస్తుంది?

ఈ ప్రశ్నకు వైద్యులు సుమారు నలభై ఏండ్లపాటు ఒక సమాధానం చెప్పి, ఆ తరువాత దానికి పూర్తిగా విరుద్ధమైన సమాధానానికి వచ్చారు. ఈ రెంటికీ మధ్య ఎందరో పిల్లల ఎత్తు, బరువు, ఆయుర్దాయం ఆధారపడి ఉన్నవి. ఆ మార్పు ఏ విధంగా వచ్చిందో చెప్పేదే ఈ చరిత్ర.

జీర్ణరసాల రహస్యం

తిన్న ఆహారం కడుపులో ఏమవుతుంది? తిరగలిలో గింజలవలె నలుగుతుందని కొందరు, కుండలో వలె ఉడుకుతుందని కొందరు, కుళ్లిపోతుందని మరికొందరు పూర్వం అనుకొనేవారు. 1752లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమర్ ఒక గద్దచేత చిన్న లోహపు గొట్టాలను మ్రింగించాడు. గొట్టంలో మాంసపు ముక్క ఉన్నది. రెండు చివరలకు తీగెల వల ఉన్నది. గద్ద తనకు అరగనిదానిని వెళ్లగ్రక్కే పక్షి. అది గొట్టాన్ని కక్కినప్పుడు చూస్తే మాంసం సగం కరిగిపోయి ఉన్నది. గొట్టం లోపల నలిగే అవకాశం లేదు, కుళ్లిన వాసనా లేదు. కనుక మాంసాన్ని కరిగించింది ఏదో ఒక రసమే అయి ఉండాలి. ఇటలీ దేశస్థుడు స్పల్లంజానీ ఈ ప్రయోగాలను పెంచి, చిన్న గుడ్డ సంచులలో ఆహారాన్ని కట్టి తానే మ్రింగి చూచుకొన్నాడు.

1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి తుపాకి గాయం తగిలింది. గాయం మానింది కాని పొట్టమీదినుండి జీర్ణకోశంలోనికి ఒక రంధ్రం మిగిలిపోయినది. అతనికి చికిత్సచేసిన సైనికవైద్యుడు బోమంట్ పట్టుదారానికి ఆహారపు ముక్కలు కట్టి ఆ రంధ్రంగుండా లోపలికి వదలి, కొంతసేపటికి పైకి లాగి, అవి ఎంతవరకు కరిగినవో వ్రాసుకొన్నాడు. ఇట్లా చేసిన 200కు పైగా పరిశీలనలను 1833లో గ్రంథంగా ప్రకటించాడు. 1836లో జర్మను శాస్త్రజ్ఞుడు ష్వాన్ జఠరరసంలో మాంసకృత్తులను కరిగించే పదార్థానికి పెప్సిన్ అని పేరు పెట్టాడు.

అయితే జీర్ణకోశం కంటె ముఖ్యమైన వంటశాల మరొకటి ఉన్నది. జీర్ణకోశం వెనుక, ఆకువలె పొడవుగా ఉండే క్లోమగ్రంథి అది. దాని విలువను బాగా చాటినవాడు పారిస్ నగరంలోని క్లాడ్ బెర్నార్. కుందేలులో పిత్తనాళం చిన్నప్రేవులలో మొదటనే తెరచుకొంటుంది. క్లోమనాళం మాత్రం చాలా దిగువన తెరచుకొంటుంది. 1848 ప్రాంతంలో బెర్నార్ క్రొవ్వు తినిపించిన కుందేళ్లను కోసి చూచినపుడు, క్లోమనాళం కలిసే చోటు దాటిన తరువాతనే ప్రేవుల గోడలలోని సన్నని నాళాలు పాలవలె తెల్లగా ఉన్నవి. దానికి ఎగువన తెలుపు లేదు. అంటే పిత్తరసం ఒక్కటి చాలదు, క్లోమరసం కలిసినప్పుడే క్రొవ్వు జీర్ణమై శరీరంలోనికి పోతున్నదన్నమాట.

తరువాత జర్మనీలో క్యూనె 1876లో క్లోమరసంలోని ట్రిప్సిన్‌కు పేరు పెట్టాడు. ఇట్టి పదార్థాలన్నింటికీ ఎంజైములు అన్న పేరు ప్రచారంలోనికి తెచ్చినవాడు కూడా అతడే. క్లోమరసంలో ముఖ్యంగా మూడు విధాల ఎంజైములు ఉన్నవి. అమైలేజు పిండిపదార్థాలను, ట్రిప్సిన్ మొదలైనవి మాంసకృత్తులను, లైపేజు క్రొవ్వును విడగొట్టుతవి. పిండిని విడగొట్టే పనిలో నోటిలోని లాలాజలం సాయపడుతుంది. మాంసకృత్తుల విషయంలో జఠరరసం తోడుంటుంది. క్రొవ్వుకు మాత్రం క్లోమమే దాదాపు ఏకైక ఆధారం. కనుక క్లోమరసం రానివానికి మొదట ఎదురయ్యే కష్టం క్రొవ్వుతోనే.

ఉబ్బిన పొట్ట, పుల్లలవంటి కాళ్లు

1887లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే వైద్యుడు ఒక ఉపన్యాసం చేశాడు. పొట్ట ఉబ్బి, చేతులు కాళ్లు సన్నబడి, తెల్లని, దుర్వాసనగల విరేచనాలతో కృశించే పిల్లలను గురించి అందులో చెప్పాడు. ఆ వ్యాధికి సీలియాక్ వ్యాధి అని పేరు వచ్చింది. దీనికి నివారణ అంటూ ఉంటే అది ఆహారంలోనే ఉండాలని గీ అభిప్రాయం. ప్రతిదినం హాలెండు ఆల్చిప్పల మాంసం తిన్న ఒక బిడ్డ ఆశ్చర్యకరంగా కోలుకొన్నదనీ, ఆల్చిప్పలు దొరికే కాలం ముగియగానే వ్యాధి తిరగబెట్టిందనీ, మరుసటి ఏడు ఆ ఆహారం తిననని మారాం చేసిందనీ అతడు వ్రాశాడు.

అప్పటినుండి వైద్యులు రకరకాల పథ్యాలు ప్రయత్నించారు. 1924లో న్యూయార్కు వైద్యుడు హాస్ ఈ పిల్లలకు అరటిపండ్లు ప్రధానాహారంగా ఇచ్చి మంచి ఫలితాలు పొందాడు. అరటిపండే మందు అనుకొన్నారు. అసలు మేలు చేసింది ఆ పథ్యంలో రొట్టె లేకపోవటం అని తరువాత తెలిసింది. హాలెండులో డిక్కె అనే వైద్యుడు గోధుమయే దోషకారి అని చాలకాలంగా అనుమానిస్తూ వచ్చాడు. 1944-45 చలికాలంలో యుద్ధంవల్ల ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకని రోజులలో ఈ పిల్లలు కోలుకోవటం, రొట్టె తిరిగి రాగానే వ్యాధి కూడా తిరిగి రావటం అతని అనుమానాన్ని బలపరిచినవి. 1950లో తన పరిశోధన గ్రంథంలో డిక్కె ఈ సంగతి నిరూపించాడు.

కాని సీలియాక్ అన్న ఒకే పేరు క్రింద మరొక వ్యాధి కూడా దాగి ఉన్నది. దానిని బయటికి తీసినది డొరతీ ఆండర్సన్. ఆమె 1926లో వైద్యపట్టం పొందింది. శస్త్రవైద్యంలో పై శిక్షణకు స్త్రీ అన్న కారణంచేత చోటు దొరకలేదు. అందువల్ల ఆమె రోగనిదాన శాస్త్రంవైపు మళ్లి న్యూయార్కులోని బేబీస్ హాస్పిటల్‌లో పనిచేసింది. 1935లో సీలియాక్ వ్యాధితో చనిపోయినట్లు వ్రాయబడిన ఒక బిడ్డ శవాన్ని పరీక్షించినపుడు, క్లోమగ్రంథి అంతా చిన్న చిన్న నీటి తిత్తులతో, గట్టిపడిన మచ్చకణజాలంతో నిండి ఉండటం ఆమె చూచింది. పాత శవపరీక్షల నివేదికలు వెదకింది. ఇట్టివే మరికొన్ని కనిపించినవి. 49 మంది పిల్లల వివరాలు కూర్చి 1938లో ఈ వ్యాధిని ప్రత్యేకంగా వర్ణించింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్న పేరు అట్లా వచ్చింది. స్విట్జర్లండులో ఫాంకోనీ కూడా 1936లోనే ఇట్టి రోగులను వర్ణించి ఉన్నాడు.

ఈ వ్యాధిలో శరీరంలోని స్రావాలు చిక్కబడతవి. క్లోమనాళాలు చిక్కని శ్లేష్మంతో మూసుకొనిపోతవి. రసం ప్రేవులకు చేరదు. లోపలనే చిక్కుకొన్న రసం గ్రంథినే పాడుచేస్తుంది. ఊపిరితిత్తులలో కూడా శ్లేష్మం పేరుకొని అంటురోగాలకు నిలయమవుతుంది. చెమటలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. 1948లో న్యూయార్కులో తీవ్రమైన ఎండలు కాచినపుడు ఈ పిల్లలు ఎక్కువగా వడదెబ్బకు గురి కావటం వైద్యులను ఆలోచింపజేసింది. 1953లో డి సాంట్ ఆన్యేసే చెమటలోని ఉప్పు సంగతి ప్రకటించాడు. 1959లో గిబ్సన్, కుక్ అనేవారు చెమటను సురక్షితంగా సేకరించి పరీక్షించే పద్ధతిని కనిపెట్టారు. ఆ పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

క్రొవ్వు తీసివేసిన కంచం

వ్యాధి తెలిసింది. ఇక ఏమి పెట్టాలి? క్రొవ్వు అరగదు. అరగని క్రొవ్వు విరేచనాలలో జిడ్డుగా, భరించలేని దుర్వాసనతో బయటికి పోతుంది. కడుపు నొప్పి, పొట్ట ఉబ్బరం కలుగుతవి. కనుక క్రొవ్వును తగ్గించాలని నిర్ణయించారు. మాంసకృత్తులు ఎక్కువగా, క్రొవ్వు తక్కువగా ఉండే పథ్యం, జంతువుల క్లోమంనుండి తీసిన పాంక్రియాటిన్ పొడి, విటమిన్లు - ఇదే ఆండర్సన్ మొదలు చాలమంది అనుసరించిన విధానం. వెన్న తీసిన పాలు, వెన్నలేని రొట్టె, నూనె తగలని కూరలు పిల్లల కంచంలో మిగిలినవి. వేపుళ్లు, మిఠాయిలు, ఐస్‌క్రీము, నట్టుల వెన్న నిషిద్ధాలైనవి.

ఈ ఆలోచనలో తర్కదోషం పైకి కనిపించదు. విరేచనాలు తగ్గినవి, దుర్వాసన తగ్గింది. తల్లిదండ్రులకు, వైద్యులకు వ్యాధి అదుపులో ఉన్నట్లు తోచింది. కాని పిల్లవాడు పెరగటం లేదు.

కారణం చిన్న లెక్కలో ఉన్నది. ఒక గ్రాము పిండిపదార్థం, ఒక గ్రాము మాంసకృత్తు ఒక్కొక్కటి సుమారు 4 కేలరీల శక్తినిస్తవి. ఒక గ్రాము క్రొవ్వు 9 కేలరీలనిస్తుంది. కంచంలోనుండి 60 గ్రాముల క్రొవ్వు తీసివేస్తే 540 కేలరీలు పోతవి. వాటిని పూడ్చటానికి 135 గ్రాముల పిండిపదార్థం అదనంగా తినాలి. మన లెక్కలో ఇది రోజూ మరొక 150 గ్రాముల బియ్యం వండుకొని తినటంతో సమానం. అసలే పొట్ట ఉబ్బరంతో, దగ్గుతో బాధపడే పిల్లవానికి ఇది సాధ్యం కాదు. పైగా ఈ వ్యాధి ఉన్నవారికి మామూలువారికంటె ఎక్కువ శక్తి అవసరం. తిన్నదానిలో కొంత వృథా అవుతుంది. ఊపిరి పీల్చే శ్రమకు, అంటురోగాలతో పోరాటానికి కొంత ఖర్చవుతుంది. కొందరికి మామూలు అవసరానికి రెట్టింపు దాకా కావలసి వస్తుందని నేటి ఆహారశాస్త్రజ్ఞుల అంచనా. క్రొవ్వుతోపాటు అందులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా శరీరానికి అందకుండా పోతవి.

పాంక్రియాటిన్ పొడి ఈ లోటును ఎందుకు తీర్చలేకపోయినది? జీర్ణకోశంలోని ఆమ్లం దానికి శత్రువు. ముఖ్యంగా లైపేజు ఆమ్లంలో త్వరగా నశిస్తుంది. తిన్న మందులో ఎక్కువ భాగం చిన్నప్రేవులు చేరకముందే పనికిరాకుండా పోయేది. మిగిలిన కొద్దిభాగం చాలాలంటే పొడిని, మాత్రలను రాసులుగా తీసుకోవాలి. పొడి తగిలి పెదవులు, నోరు పుండు పడేవి. దానికి దుర్వాసన కూడా ఉండేది.

మొదటి రోజులలో ఈ పిల్లలు చాలమంది బడి ఈడు రాకముందే చనిపోయేవారు. 1940ల తరువాత పెన్సిలిన్ మొదలైన మందులు రావటంతో ఊపిరితిత్తుల అంటురోగాలు కొంత లొంగినవి. పిల్లలు పదేండ్లు, పన్నెండేండ్లు దాటి బ్రతకటం మొదలుపెట్టారు. అప్పుడు కొత్త కష్టం కనిపించింది. ఈడువాళ్లు ఎత్తు పెరిగి, గొంతు మారి, మీసాలు వస్తుంటే, ఈ బాలురు ఇంకా చిన్నపిల్లల వలెనే ఉన్నారు. బాలికలు రజస్వలలు కావటం ఆలస్యమైంది. బడిలో అందరూ పంచుకొని తినే పిండివంటలు వీరికి లేవు. ఇంట్లో తమ్ముడు వెన్న పూసుకొని తినే రొట్టెను అన్న ఉత్తగా తినాలి. పథ్యం వ్యాధిని కప్పిపెట్టింది కాని పిల్లవానిని పోషించలేదు.

టొరంటో మార్గం

1970 దశకం మొదటిభాగంలో కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రిలో డగ్లస్ క్రోజియర్ అనే వైద్యుడు ఈ పద్ధతిని తలక్రిందులు చేశాడు. క్రొవ్వు తగ్గించవద్దు, ఎంజైములు పెంచండి అన్నాడు. వెన్నతీయని పాలు, వెన్న, గ్రుడ్లు, మాంసం - మిగతా పిల్లలు తినేవన్నీ తిననిచ్చాడు. ప్రతి భోజనంతో పెద్ద సంఖ్యలో పాంక్రియాటిన్ క్యాప్సూలు మ్రింగించాడు. 1974లో తన అనుభవాన్ని ప్రకటించాడు. ఈ వ్యాధి అందరూ అనుకొన్నంత ప్రాణాంతకం కానక్కరలేదన్నది ఆయన వ్యాసం సారాంశం.

ఇది సాహసంగా తోచింది. అరగనిదానినే ఎక్కువగా పెట్టటం ఎక్కడి న్యాయం? కాని ఇక్కడ కూడా చిన్న లెక్క చాలు. ఉదాహరణకు ఒక బాలుడు పథ్యంగా రోజుకు 30 గ్రాముల క్రొవ్వు తిని, అందులో 60 శాతం అరిగించుకొన్నాడనుకొందాము. అతనికి అందింది 18 గ్రాములు, అంటే 162 కేలరీలు. మరొకడు 100 గ్రాములు తిని సగమే అరిగించుకొన్నాడు. వృథా అయిన క్రొవ్వు ఎక్కువే. విరేచనాన్ని చూచి లెక్కకట్టే వైద్యునికి రెండవవాని స్థితి అధ్వాన్నంగా తోస్తుంది. కాని అతని శరీరానికి అందింది 50 గ్రాములు, 450 కేలరీలు. లెక్క పెట్టవలసినది పోయినదానిని కాదు, అందినదానిని.

1970 దశకం చివర మందు రూపం కూడా మారింది. ఎంజైములను ఆవగింజలవంటి చిన్న గుళికలుగా చేసి, వాటిపై ఆమ్లానికి కరగని పూత పూశారు. ఆ గుళికలు జీర్ణకోశాన్ని క్షేమంగా దాటి, ఆమ్లత తగ్గిన చిన్నప్రేవులలో, అంటే పి.హెచ్. విలువ సుమారు 5.5 దాటినచోట విచ్చుకొంటవి. పిడికెడు మాత్రల పని కొద్ది క్యాప్సూలతో జరగసాగింది.

రెండు పద్ధతులలో ఏది మేలు? 1988లో మేరీ కోరీ మొదలైనవారు అమెరికాలోని బోస్టన్, కెనడాలోని టొరంటో నగరాల రోగులను పోల్చి చూచారు. ఒక్కొక్క చోట సుమారు 500 మంది రోగులు. సగటు వయసు దాదాపు ఒకటే. ఇతర చికిత్సలు కూడా చాలవరకు ఒకటే. ముఖ్యమైన తేడా ఆహారంలోనే. బోస్టన్‌లో క్రొవ్వు తక్కువ, టొరంటోలో క్రొవ్వు ఎక్కువ. టొరంటోవారు ఎక్కువ ఎత్తు పెరిగారు. పురుషులు ఎక్కువ బరువు ఉన్నారు. ఇక జీవితకాలం మాట. రోగులలో సగంమంది జీవించి ఉండే వయసు బోస్టన్‌లో 21 సంవత్సరాలు, టొరంటోలో 30 సంవత్సరాలు. గమనించదగ్గ విషయం ఏమంటే, పదేండ్లవరకు రెండు నగరాల పిల్లల మధ్య జీవితకాలంలో పెద్ద తేడా లేదు. తేడా ఆ తరువాతనే మొదలైనది. ఎదుగు వయసులో అందిన తిండి, అందని తిండి ఆ తరువాతి ఏండ్లలో లెక్కకు వచ్చినట్లు తోస్తుంది.

ఇట్లా రెండు నగరాలను పోల్చటం నియమబద్ధమైన ప్రయోగంతో సమానం కాదు. ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. అయినా తేడా ఎంత పెద్దదంటే, దానిని త్రోసిపుచ్చటం ఎవరికీ సాధ్యం కాలేదు. క్రమంగా ఇతర దేశాల వైద్యులు కూడా క్రొవ్వు నిషేధాన్ని విడిచిపెట్టారు.

మందుకు కూడా హద్దు

కొత్త మార్గంలో కూడా ఒక పాఠం మిగిలి ఉన్నది. ఎంజైములు మంచివైతే మరింత ఎక్కువ మరింత మంచిది కదా అన్న ఆలోచనతో 1990ల మొదట అధికశక్తిగల క్యాప్సూలు వచ్చినవి. 1994లో ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యులు, ఇట్టి క్యాప్సూలు తీసుకొన్న ఐదుగురు పిల్లలలో పెద్దప్రేవు గట్టిపడి ఇరుకైనట్లు ప్రకటించారు. అధిక మోతాదే కారణమని కొందరు, గుళికలపై పూత కూడా కారణం కావచ్చునని కొందరు భావించారు. ఆ తరువాత రోజుకు శరీరబరువులో ప్రతి కిలోకు 10,000 లైపేజు యూనిట్లకు మించరాదని హద్దు ఏర్పరచారు. ఉదాహరణకు 40 కిలోల బరువుగల విద్యార్థికి రోజుకు 4,00,000 యూనిట్లు గరిష్ఠ పరిమితి. ఈ లోపల ఎంత అవసరమన్నది వైద్యుడు నిర్ణయించాలి. ఎవరికి వారు పెంచుకోరాదు.

పథ్యం ఎక్కడ సరి?

అట్లాగని పథ్యమే తప్పు అనుకోరాదు. ఎంజైముల లోపాలన్నీ ఒకటి కావు. 1959లో మాంచెస్టర్ నగరంలో హోల్జెల్, అతని సహచరులు పాలలోని లాక్టోజు చక్కెరను అరిగించుకోలేక కృశించిన శిశువులను వర్ణించారు. 1960లో హాలెండులోని వైజెర్స్, వాన్ డి కామెర్ మొదలైనవారు మామూలు చక్కెరను విడగొట్టే సుక్రేజు లోపించిన పిల్లలను వర్ణించారు. ఈ ఎంజైములు పుట్టేది క్లోమంలో కాదు, చిన్నప్రేవుల లోపొరలో. అరగని చక్కెర పెద్దప్రేవు చేరితే అక్కడి బాక్టీరియా దానిని పులియబెట్టి వాయువులను, ఆమ్లాలను పుట్టిస్తవి. ఈ వ్యాధులలో ఆ చక్కెరను తగ్గించటం సరైన పద్ధతి. చక్కెర లేకపోయినా అన్నం, పప్పు, నూనెలు శక్తినిస్తవి. పెద్దవయసులో పాలు సరిపడనివారు చాలమంది పెరుగును, మజ్జిగను సులభంగా అరిగించుకొంటారు. తోడువేసినప్పుడు పాలలోని లాక్టోజు కొంత ఖర్చయిపోతుంది. పెరుగులోని సూక్ష్మజీవుల ఎంజైములు కూడా తోడ్పడతవి. డిక్కె కనుగొన్న గోధుమ దోషం ఎంజైము లోపం కాదు, శరీర రక్షణ వ్యవస్థ చేసే పొరపాటు. అందులో గోధుమ, బార్లీ, రైలను జీవితాంతం మానటమే చికిత్స.

కనుక అడగవలసిన ప్రశ్నలు రెండు. తీసివేసే వస్తువు లేకుండా శరీరం పూర్తిగా పెరగగలదా? లోపించిన రసాన్ని బయటినుండి ఇవ్వటానికి వీలున్నదా? మొదటి ప్రశ్నకు అవునని సమాధానం వస్తే పథ్యం మేలు. కాదని వస్తే రసాన్ని ఇచ్చి భోజనం పెట్టాలి.

మన దేశంలో

సిస్టిక్ ఫైబ్రోసిస్ యూరపు సంతతివారి వ్యాధి మాత్రమేనని చాలకాలం అనుకొన్నారు. 1968లో భారతదేశంనుండి మొదటి నివేదికలు వెలువడినవి. క్షయ అనీ, మామూలు పోషకాహార లోపమనీ భ్రమపడటంచేత ఎందరో పిల్లలు గుర్తింపుకు రాలేదు.

మన దేశంలో యువకులకు క్లోమరసం లోపించటానికి మరొక కారణం కూడా ఉన్నది. 1959లో ఇండోనేషియాలో జుయిడెమా, 1960 దశకంలో కేరళలో గీవర్గీస్ వర్ణించిన ఉష్ణమండల క్లోమవ్యాధి అది. చిన్నతనంలో కడుపునొప్పి, క్లోమనాళాలలో రాళ్లు, యౌవనంలో మధుమేహం - ఇవి దాని లక్షణాలు. కర్రపెండలం తినటమే కారణమని మొదట అనుమానించారు. తరువాత ఆ అనుమానం బలహీనపడింది. 2002లో హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం, అంటే సి.సి.ఎం.బి. పరిశోధకులు, ట్రిప్సిన్‌ను అదుపులో పెట్టే స్పింక్-1 అనే జన్యువులోని మార్పులకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నదని చూపారు. అదుపు తప్పిన ట్రిప్సిన్ తన పుట్టింటికే చేటు తెస్తుందన్నమాట.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పేద ఇండ్లలో నూనె, నెయ్యి వాడకమే తక్కువ. క్రొవ్వు తిననివానికి జిడ్డు విరేచనాలు కావు. అందువల్ల లోపం బయటపడదు. పిల్లవాడు సన్నగా ఉన్నాడని మాత్రమే అనుకొంటారు. ఒకప్పుడు బోస్టన్‌లో వైద్యుడు వ్రాసి ఇచ్చిన పథ్యం ఏ పని చేసిందో, మన దగ్గర పేదరికం ఆ పనే చేస్తున్నది.

బడిలోని విద్యార్థి

1989లో సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు కనుగొనబడింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను పనిని సరిదిద్దే మందులు 2012లో ఒకటి, 2019లో మూడు మందుల మిశ్రమం అమెరికాలో ఆమోదం పొందినవి. చిన్నవయసులోనే ఇట్టి మందులు వాడిన కొందరు పిల్లలలో క్లోమం కొంతవరకు తిరిగి పనిచేయటం కూడా గమనించారు. ఈ మందులు వాడేవారిలో ఇప్పుడు అధిక బరువు కొత్త సమస్యగా వచ్చింది. పథ్యం మరొకమారు మారుతున్నది. అయితే వీటి ఖరీదు చాల ఎక్కువ కావటంచేత అందరికీ అందలేదు. ప్రపంచంలో చాలమంది పిల్లలకు ఇప్పటికీ భోజనంతో మ్రింగే ఎంజైము క్యాప్సూలే ఆధారం.

ఆ క్యాప్సూలు భోజనానికి గంట ముందు వేసుకొన్నా, గంట తరువాత వేసుకొన్నా ఉపయోగం తక్కువ. అన్నంతోపాటే కడుపులోనికి పోవాలి. కనుక మధ్యాహ్న భోజన సమయంలో తోటివారి ఎదుటనే మ్రింగాలి. పదునాలుగేండ్ల వయసులో ఇది చిన్న సంగతి కాదు. నలుగురిలో వేరుగా కనిపించటం ఇష్టంలేక కొందరు క్యాప్సూలు మానివేస్తారు. మరికొందరు భోజనమే మానివేస్తారు. సాయంత్రానికి కడుపునొప్పి వస్తుంది, నెల తిరిగేసరికి బరువు తగ్గుతుంది. ఈ వయసులో మందు వాడకం సడలటం అన్ని దేశాల వైద్యులకు తెలిసిన విషయమే.

ఉపాధ్యాయుడు ఇక్కడ వైద్యుడు కానక్కరలేదు. క్యాప్సూలు విద్యార్థి సంచిలోనే ఉంచుకోనిస్తే చాలు. పాఠం మధ్యలో మరుగుదొడ్డికి పోతానంటే కారణం అడగకుండా పంపాలి. ఎండలో ఆటలాడేటప్పుడు ఉప్పు కలిపిన నీరు త్రాగనివ్వాలి. సన్నగా ఉన్నావేమని పదిమందిలో అడగరాదు. ఇంతగా తింటున్నావేమని అసలే అడగరాదు. తరగతిలో జీర్ణక్రియ పాఠం వచ్చినపుడు లైపేజు పేరు నల్లబల్లపై వ్రాసి, కుందేలు ప్రేవులలో బెర్నార్ చూచిన తెల్లని నాళాల సంగతి, టొరంటో పిల్లల సంగతి చెప్పవచ్చు. అప్పుడు పక్క బల్లమీద కూర్చున్న స్నేహితుడు రోజూ అన్నం ముందు మ్రింగే క్యాప్సూలు దేనికో మిగతా పిల్లలకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.